పొరుగువాని పేరు వ్రాసిన పెరడు

కోనసీమలో ఏ పాత ఇంటి దస్తావేజు విప్పి చూచినను, ఆ స్థలము ఎన్ని సెంట్లో చెప్పుటకు ముందుగా అది ఎవరెవరి నడుమ నున్నదో చెప్పు నాలుగు పంక్తులు కానవచ్చును. తూర్పున ఫలానావారి దొడ్డి, దక్షిణమున పంచాయతీ బాట, పడమట ఫలానావారి కొబ్బరితోట, ఉత్తరమున ఫలానావారి పాక, ఈ నాలుగు హద్దుల నడుమ గల స్థలము అని లేఖరి వ్రాయును. కొన్నవాని హక్కు పొరుగువాని పేరుమీద నిలిచియున్నది. ఆ పొరుగువాడు గతించి రెండు తరములు గడచినను, అతని మనుమలు ఆ దొడ్డిని పంచుకొని, అమ్ముకొని, హైదరాబాదునకో కువైటునకో వెడలిపోయినను, ఈ దస్తావేజులో అతని పేరు చెరగదు. ఇల్లు చేతులు మారిన ప్రతిమారును క్రొత్త కాగితముమీద ఆ పేరునే మరల వ్రాయుచుందురు.

సఖినేటిపల్లి వంటి ఊళ్లలో ఇండ్లున్న నేల చాలవరకు గ్రామకంఠము. రెవెన్యూ లెక్కలలో గ్రామకంఠ మంతయు ఒక్క సర్వే నంబరుగా నుండి, అందులో ఎవరి వాకిలి ఎంతవరకో, ఎవరి దొడ్డి ఎచ్చట ముగియునో విడివిడిగా చూపు కొలత లేకుండుటచేత, హద్దు తెలియవలెనన్న ప్రక్కవారి నోటిమాటయే ప్రమాణ మగుచు వచ్చినది. 2020 ఏప్రిలు 24న కేంద్రప్రభుత్వము ఆరంభించిన స్వామిత్వ పథకమును, ఆ యేడే డిసెంబరు 21న మన రాష్ట్రమున మొదలైన భూముల రీసర్వేయును ఈ నేలను డ్రోనులతో ఆకాశమునుండి కొలుచుటకు పూనుకొన్నవి. కొలువవలసినదే, కొలతలేని హద్దువలన నష్టపడినవాడు ఎప్పుడును బలము లేనివాడే. కాని పటము హద్దును చూపగలదు గాని, ఆ హద్దు వెంబడి ఇరువురు ఏయే ఒప్పుదలలతో బ్రతుకుచున్నారో చూపజాలదు. నేను నేడు వ్రాయబూనినది ఆ ఒప్పుదలలను గూర్చి, వానిని ప్రక్కకు నెట్టి దొడ్డి ఎట్లు కనబడవలెనో శాసించు క్రొత్త నియమావళులను గూర్చి.

సఖినేటిపల్లి దొడ్డిని దాని పనినిబట్టి చూడవలెనే గాని వాలకమునుబట్టి చూడరాదు. పెరటి గుమ్మము దిగగానే సిమెంటు గాబు, దాని ప్రక్కన అంట్లు తోము బండ, ఆ నీరు పారి పోవు చోట అరటి పిలకలు, కంద. నీరు చేరని ఎగువను కరివేప, మునగ. పాక చూరు క్రింద ఎండుమట్టలు, మూలను ఒలిచిన కొబ్బరి డొక్కల కుప్ప, పాడి ఉన్నవారికి పేడగొయ్యి, రెండు చెట్ల నడుమ బట్టల తీగ. మధ్యాహ్నము పొద్దు వాలునప్పుడు ఆ నీడలో ఒక ముసలమ్మ పీటమీద కూర్చుండి కొబ్బరాకును ఒక్కొక్క రెబ్బగా తీసి, ఎడమచేత కొన పట్టుకొని కత్తివాదరను ఇటునొకమారు అటునొకమారు జారవిడుచును. ఆకు రెండు పేలికలై ఒడిలో పడును, ఈనె ఒక్కటి చేతిలో మిగులును. గుప్పెడు కాగానే మొదళ్లు నేలకు తాటించి సమము చేసి ప్రక్కన పెట్టి మరల మొదలిడును. చీపురు కట్టువేళకు ఒడిలోని ఆకు పేలికలు పొయ్యిలోనికి పోవును. పట్టణమునుండి వచ్చినవానికి ఇదంతయు చిందరవందరగా కానవచ్చు. కాని డొక్క పొయ్యికి, పీచు తాడునకు, మట్ట దడికి, ఈనె చీపురునకు, చిప్ప నిప్పులకు పోవు ఆ దొడ్డిలో పనికిరాని వస్తువును వెదకి చూపుట కష్టము.

ఇక దడి. సరుగుడు గుంజలు పాతి, కొబ్బరాకులు అల్లి కట్టిన దడి ఏడాదికో రెండేండ్లకో శిథిల మగును. వానకు నానును, చెద పట్టును, గాలికి వాలును. అందువలన రెండిండ్లవారును మాటిమాటికి ఆ హద్దు వద్దకు రావలసియుండును. ఈమారు ఆకు ఎవరిది, కూలి ఎవరిది, గుంజ ఎవరివైపు పాతవలెను, మధ్యనున్న నందివర్ధనపు మొక్క ఎవరివైపు ఉండవలెను, కూరగిన్నె అందించుటకును పిల్లలు దూరుటకును పూర్వమున్న సందు ఉంచవలెనా మూయవలెనా, ఇవన్నియు దడి కట్టు దినమున తేలవలసిన విషయములు. ఎంతటి కోపతాపము లున్నను ఆ దినమున మాటలాడక తప్పదు. ప్రహరీ గోడ అట్లు కాదు. ఒకమారు లేచిన గోడ ఏబదియేండ్లు నిలుచును. ఆ ఏబదియేండ్లును ఇరువురికి మాటాడవలసిన పని లేకుండ చేయును. గల్ఫు సంపాదనతో ఊరూర పక్కా ఇండ్లు లేచి, దళ్ల స్థానమున గోడలు వచ్చిన ఈ ముప్పది నలుబది యేండ్లలో, కోనసీమ పోగొట్టుకొన్నది ఈ అవసరమును.

దళ్లున్న దినములలో తగవులు లేవని చెప్పుట అసత్యము. కొబ్బరిచెట్టు వెలుతురు వైపునకు ఒరుగును. తోటలో చెట్టునకు చెట్టునకు ఇరువదియైదడుగుల దూరము పెట్టువారు కూడ ఇంటి దొడ్డిలో హద్దు అంచుననే మొక్క నాటుదురు. అది ఎదిగి తల పొరుగువాని కప్పుమీదికి పెట్టును. పెంకుటిల్లు కాలమునుండి రేకుల కాలము వరకును ఆ తగవు నడచుచునే యున్నది. ఎండిన మట్టయో ముదిరిన కాయయో రేకుమీద పడిన చప్పుడునకు అర్ధరాత్రి లేచిన ఇల్లాలు తెల్లవారగానే దడి వద్దకు వచ్చి,

"వదినా, మీ చెట్టు కాయలు మా రేకుల మీద పడతన్నాయి. పిల్లలు ఆ కిందే ఆడుకుంటన్నారు. దింపు ఎప్పుడు పెట్టిత్తారు?" అనును.

"దింపోడికి కబురెట్టాను వదినా. రాగానే ముందు ఆ చెట్టే ఎక్కిత్తాను" అని ఈవల నుండి సమాధానము వచ్చును.

ఈ రెండు మాటలతో తీరని తగవు పెద్దల వద్దకు పోవును. అచ్చట తీరనిది రాజోలు న్యాయస్థానము వరకు పోవును. చెట్టు నడుమున ఇనుపతీగ బిగించి ఎదుటి చెట్టునకు లాగి కట్టుట, దింపు గడువు తగ్గించుట, చివరకు చెట్టు కొట్టివేసి కలపలో సగమిచ్చుట, ఇవి ఇచ్చటి పరిష్కారములు. చెట్టెక్కు దింపు కార్మికులు నానాటికి కరవగుచుండుటచే కాయలు చెట్టుననే ముదిరి రాలుట ఎక్కువై, ఈ తగవు ఇప్పుడు మునుపటికంటె తరచైనది. ఇందులో గమనింపదగినది ఒకటి గలదు: దడి వద్దకు వచ్చిన ఏ ఫిర్యాదును కంటికి సంబంధించినది కాదు. కాయ తలమీద పడునని, వేరు గోడ చీల్చునని, గాబు నీరు మా పునాదిలోనికి వచ్చుచున్నదని, పేడగొయ్యి మా నూతికి దగ్గరనని. మీ డొక్కల కుప్ప చూచుటకు బాగుగా లేదని దడి వద్దకు వచ్చి చెప్పినవారిని నేను ఎరుగను.

ఈ దొడ్డిని గూర్చి ప్రేమతో వ్రాయువాడు ఇంకొక మాట దాచరాదు. పెరటి గుమ్మము కొందరికి మాత్రమే చొరవకు గుర్తు. మరికొందరికి అది వీధి గుమ్మమున అడుగిడరాదను ఆజ్ఞకు గుర్తు. పాలికాపు దొడ్డి దారినే వచ్చి, దూరముగా నిలిచి, పైనుండి పోసిన నీళ్లు దోసిట త్రాగి వెడలినది ఈ సీమలోనే. మామిడికుదురున పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకము వ్రాసినది ఈ బ్రతుకును ఎరిగియే. దడి వద్ద మాటతో తగవు తీరవలెనన్న ఇరువురును సమానముగ నిలువగలవారై యుండవలెను; అట్లు కాని చోట ఆ మాట ఒకవైపునుండియే నడచినది. వ్రాతలోనికెక్కిన నియమము అవసరమని నేను ఒప్పుకొనుటకు ఇది ప్రధాన కారణము. ప్రశ్న నియమము ఉండవలెనా వలదా అన్నది కాదు. అది దేనిని కాపాడుటకు ఉండవలెనన్నది.

అందమునకు న్యాయస్థానమున చోటు

ఈ ప్రశ్నకు మన పూర్వులు సమాధానము వెదకకపోలేదు. సరిహద్దు తగవును ధర్మశాస్త్రకారులు పదునెనిమిది వ్యవహారపదములలో నొకటిగా గణించిరి. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను అనుసరించి పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన తెనుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయమును రచించెను. మైసూరున శామశాస్త్రి 1909లో ప్రకటించు వరకు మరుగున పడియున్న కౌటిల్యుని అర్థశాస్త్రము, మూడవ అధికరణమున, ఇంటి తగవులకు ఇరుగుపొరుగుల సాక్ష్యమే ప్రమాణమని చెప్పి, గోడకును గోడకును ఉంచవలసిన ఎడమును, నీరు పారు దారిని, పెంటగొయ్యి యొక్కయు, పొయ్యి, తిరుగలి, రోళ్ల యొక్కయు స్థానమును, వెలుతురు కొరకు విడువవలసిన గవాక్షమును పేర్కొని, తప్పినవారికి దండము విధించును. పురుటియింటి గొయ్యికి మాత్రము పది దినములు మినహాయింపు! ఎంతటి దయగల శాసనము! గృహస్వాములు ఒకచోట కూడి తమలో తాము ఏర్పాటు చేసికొనవచ్చుననియు, తమకు సమ్మతము కానిదానిని వారించుకొనవచ్చుననియు కూడ అందే కలదు. అనగా గృహయజమానుల సంఘము మనకు క్రొత్త కాదు. కాని ఆ భాగమున నీరు, నిప్పు, కంపు, వెలుతురు, త్రోవ, వీనికి దండము కానవచ్చును గాని అందము లేమికి దండము నాకు కానరాలేదు.

ఇంగ్లండున 1610లో విలియం ఆల్డ్రెడ్ అను గృహస్థు, పొరుగువాడు తన ఇంటి ప్రక్కనే పందులశాల కట్టి దుర్గంధముతో ఇల్లు నివాసయోగ్యము కాకుండ చేసెనని వ్యాజ్యెము వేసినప్పుడు అచ్చటి న్యాయమూర్తులును ఇదే గీత గీచిరి. చెడుగాలికి, వెలుతురు మూయుటకు వ్యాజ్యెము కలదు. కంటికింపైన దృశ్యము పోయినందులకు లేదు, ఏలయన అది ఆహ్లాదమునకు సంబంధించినదే గాని బ్రతుకుటకు ఆవశ్యకమైనది కాదు. రెండున్నర శతాబ్దులకు పైబడిన పిమ్మట, 1882లో వచ్చిన భారత ఈజుమెంటుల చట్టము మొట్టమొదట అమలైన ప్రాంతములలో గోదావరి జిల్లా చేరియున్న మద్రాసు రాజధాని యొకటి. ఇరువదియేండ్లు నిరాటంకముగ అనుభవించిన వెలుతురు, గాలి, త్రోవ హక్కులగునని ఆ చట్టము చెప్పును. ఆ హక్కుకు భంగమైనదని వ్యాజ్యెము వేయవలెనన్న గట్టి నష్టము కలిగియుండవలెననియు చెప్పును. ఒరిగి పడబోవు చెట్టు ప్రాణాపాయ మగునెడల మేజిస్ట్రేటు దానిని తొలగింప నాజ్ఞ నొసగవచ్చును. మునుపటి నేరవిచారణ స్మృతిలో 133వ సెక్షనుగా నున్న ఆ అధికారము, 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను. ఇవన్నియు అపాయమునకు, నష్టమునకు ఔషధములు.

చూపు కొరకైన కట్టుబాటు న్యాయమున ప్రవేశించినది మరియొక ద్వారమున. లండనులో లీసెస్టరు స్క్వేరు నడుమనున్న ఉద్యానమును 1808లో టల్కు అనువాడు అమ్ముచు, దానిని ఎన్నడును కట్టడములతో నింపక అలంకారోద్యానముగనే ఉంచవలెనని కొన్నవానిచేత వ్రాయించుకొనెను. అది చేతులు మారి మాక్సే అనువానికి చేరగా, ఆ షరతు ఎరిగియే కొన్నందున అతడును దానికి బద్ధుడే యని 1848లో తీర్పు వెలువడెను. ఆ తీర్పువలన నగరమధ్యమున ఒక తోట బ్రతికినది. దానిని నేను గౌరవింతును. మన ఆస్తి బదిలీ చట్టము 40వ సెక్షనులో ఆ సూత్రమే యున్నది. కాని ఒక తోటను కాపాడుటకు పుట్టిన ఆ సూత్రము నూరేండ్లకు వేల దొడ్లను ఒకే అచ్చులో పోయుటకు సాధనమైనది. 1947లో న్యూయార్కు నగరమునకు సమీపమున లెవిట్టు సంస్థ మొదలిడి కొలదియేండ్లలో పదునేడు వేలకు పైగా ఇండ్లు కట్టిన లెవిట్‌టౌనున, కంచె వేయరాదు, గడ్డి వారము వారము కోయవలెను, ఉతికిన బట్టలు సెలవు దినములలో ఆరవేయరాదు. ఆ పత్రములలోనే, తెల్లజాతివారు గానివారు ఆ ఇండ్లను నివాసముగ వాడరాదను షరతును ఉండెను. దొడ్డి ఒకే తీరుగ కనబడవలెనను కోరికయు, అందున్న మనుష్యులు ఒకే తీరుగ కనబడవలెనను కోరికయు ఒకే కాగితముమీద కూర్చుండుట యాదృచ్ఛిక మని నేను నమ్మజాలను.

డల్లాసు దొడ్డిలో బీరపందిరి

నేడు అమెరికాలో ఇట్టి కట్టుబాట్లను అమలుపరచు గృహయజమానుల సంఘములు మూడున్నర లక్షలకు పైబడి యున్నవి. ఏడు కోట్లకు మించిన జనము వాని నియమముల క్రింద కాపురముండుచున్నారు. అందు మనవారును గలరు. డల్లాసు చుట్టుప్రక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగులలో కోనసీమ బిడ్డల ఇండ్లకు ఆరు నెలలుండుటకు వచ్చిన తల్లిదండ్రులు మొదట చేయు పని ఏమనగా, వెనుకనున్న గడ్డిలో ఒక మూల త్రవ్వి గోంగూర, బీర, ఆనప విత్తనములు నాటుట. పాదు ప్రాకుటకు పందిరి వేయుదురు. పందిరి కంచెకంటె ఎత్తగును. అప్పుడు సంఘమునుండి ఉత్తరము వచ్చును: అనుమతి లేని నిర్మాణము, ఆమోదింపబడని మొక్కలు, ఇన్ని దినములలో తొలగింపనిచో జరిమానా.

"మనం వాళ్లకేం నష్టం చేశాంరా?" అని తల్లి అడుగును. కుమారునియొద్ద సమాధానముండదు, ఏలయన నష్టమేదియు జరుగలేదు. ఎవరి పునాదిలోనికిని నీరు పోలేదు, ఎవరి తలమీదను కాయ పడలేదు. ఆ తల్లిని మిక్కిలి బాధించునది మరొకటి గలదు. ఆ ఉత్తరములో పొరుగువాని పేరుండదు. ఫిర్యాదు చేసినది కుడివైపు ఇంటివారో, ఎడమవైపు వారో, వెనుకవారో తెలియదు. నిన్న సాయంకాలము చేయి ఊపి పలుకరించినవారే కావచ్చును. తెలిసియున్నచో ఆమె రెండు బీరకాయలు పట్టుకొని పోయి మాటాడియుండును.

డల్లాసు ఉన్న టెక్సాసు రాష్ట్రపు శాసనసభ ఈ సంఘముల అధికారమునకు మెల్లమెల్లగా హద్దులు గీచినది. జరిమానాకు ముందు లిఖితపూర్వకమైన నోటీసును, సరిదిద్దుకొను గడువును, విన్నవించుకొను అవకాశమును ఇయ్యవలెనని 2001లో చట్టము చేసిరి. మతచిహ్నముల ప్రదర్శనమునకు గల రక్షణను 2021లో, కొన్ని మినహాయింపులతో, తలుపునుండి స్థలమంతటికి విస్తరింపజేసిరి. మేరీలాండు రాష్ట్రమున కొలంబియా అను ఊర జరిగినది మరింత తెలిసికొనదగినది. అచ్చటి దంపతులు గడ్డి తీసివేసి, ఆ నేలకు సహజమైన పూలమొక్కలు పెంచి సీతాకోకచిలుకలకు, పక్షులకు నెలవు చేసిరి. పొరుగువాని ఫిర్యాదుపై సంఘము 2017లో వాటిని తీసివేసి మరల గడ్డి వేయుమని ఉత్తరము వ్రాసెను. దంపతులు న్యాయస్థానమున కెక్కిరి. 2020 చివర రాజీ కుదిరెను. మరుసటి యేట మేరీలాండు, నేలకును నీటికిని మేలుచేయు ఇట్టి తోటలను సంఘములు అకారణముగ నిషేధింపరాదని చట్టమే చేసెను. ఒక దొడ్డి కొరకు పట్టుబట్టిన ఇరువురి వలన ఒక రాష్ట్రమంతటి దొడ్లకు స్వేచ్ఛ లభించినది.

అచ్చట వారు విప్పుకొనుచున్న ముడులను మనము ఇచ్చట క్రొత్తగా వేసికొనుచున్నాము. హైదరాబాదు, విజయవాడ పరిసరములలో గోడకట్టు కాలనీల నియమావళులు చదివినచో లెవిట్‌టౌను భాష వినిపించును: బాల్కనీలో బట్టలు కనబడరాదు, ఇంటి రంగు మార్చరాదు, వెనుక ఖాళీలో సంఘము ఒప్పుకొన్న మొక్కలే నాటవలెను. 2016 నాటి స్థిరాస్తి చట్టము కొన్నవారందరును సంఘముగ నేర్పడుటకు తోడ్పడునట్లు చేసినది, అది మంచిదే. నీరు, లిఫ్టు, మురుగు, కాపలా చూచుకొనుటకు సంఘము కావలెను. ఆ సంఘము చేతిలోనికి అమ్మకపు కరపత్రములోని బొమ్మ శాసనమై వచ్చుటయే చెడ్డది.

ఇక అసలు నియమము కావలసిన చోట ఏదియు లేదు. 2020 డిసెంబరులో మొదలైన ఇండ్ల పట్టాల పథకమున పల్లెలలో పేదకుటుంబమునకు దక్కినది సెంటున్నర, అనగా డెబ్బది రెండు గజములు చిల్లర. అందులో ఇల్లు కట్టిన పిమ్మట దొడ్డి యనునది మిగులదు. స్నానాలగది నీరు ఎచ్చటికి పోవలెను, మరుగుదొడ్డి గొయ్యి ఎవరి గోడ ప్రక్కన త్రవ్వవలెను, గేదెను ఎచ్చట కట్టవలెను? అప్పనరామునిలంక వంటి చోట్ల గోదావరి పాయ యగు వశిష్ఠ పొంగినప్పుడు, 2022 జూలైలో ధవళేశ్వరమువద్ద ప్రవాహము ఇరువదియైదు లక్షల క్యూసెక్కులు దాటినప్పటి వలె, వరదనీరు దడిని దూరి పోవును గాని గోడను దూరి పోదు. ఊరి నడుమను అంతే. ఎవరికివారు దొడ్డిని మెరక చేసి, సిమెంటు పరచి, ప్రహరీ కట్టగా, ఆషాఢపు వానకు అంతయు పల్లమున నున్న ఒక్కని ఇంటిలోనికి చేరును. ఆ ఇంటివాని దొడ్డి చూచుటకు ఎట్లున్నదని ఎవరును అడుగనక్కరలేదు. ఆ నీరు ఎవరెవరి దొడ్లనుండి వచ్చినదో లెక్కవేసి, కాలువ ఖర్చు పంచవలెను.

రాజోలు, మలికిపురముల వైపున కొబ్బరితోటలు తీసి వేయు క్రొత్త లేఔట్లలో సంఘములు ఏర్పడునప్పుడు, నియమావళి వ్రాయువారిని నేను వేడుకొనునది ఇది. ప్రతి స్థలపు మెరకకు ఒక మట్టము నిర్ణయింపుడు. వాననీటి కాలువ గోడకంటె ముందు త్రవ్వింపుడు. హద్దునకు కొబ్బరిమొక్క ఎంత దూరమున నాటవలెనో వ్రాయుడు. మరుగుగొయ్యికిని నూతికిని నడుమ ఎడము వ్రాయుడు. బట్టల తీగను, బీరపందిరిని, ఈనెలు తీయు పీటను విడిచిపెట్టుడు. ఫిర్యాదు చేయువాడు తన పేరు వ్రాసి సంతకము చేయవలెననియు, దానికి ముందు ప్రక్క ఇంటికి పోయి నోటితో చెప్పియుండవలెననియు విధింపుడు. దింపు పెట్టించువారు ముందురోజుననే ఇరుగుపొరుగుల కెరిగించి, చెట్లక్రింద నుండు పిల్లలను, పశువులను, బండ్లను తప్పించుకొన వీలు కల్పించు మర్యాద సఖినేటిపల్లి దొడ్లలో ఎవరును వ్రాసిపెట్టకయే నడచుచున్నది. క్రొత్త కాలనీలకు అదియు ఒక నిబంధనగా చేర్చుటకు రెండు పంక్తులు చాలును.